ఆరు మార్కుల అక్రమ వృద్ధి

ఆదివారం నాడు ఏ విద్యాసంస్థా పిల్లలకు పాఠం చెప్పకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు నేనూ సంతోషించాను. పెద్ద పెద్ద కాలేజీలు వారానికి ఏడు రోజులూ, రోజుకి పధ్నాలుగు గంటలూ పిల్లల్ని తోముతున్నాయని పేపర్లలో గోల గోలగా వస్తున్న రోజులవి. ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన అమలు కాదని ప్రభుత్వానికి తెలుసు కాబట్టి, అమలు చేయడానికి సెలవుదిన బోధనా నియంత్రణ మండలి అని ఒకటి పెట్టారు. నేను అందులో పరిశీలకుణ్ణి. పేరు యలవర్తి పున్నారావు.

నిజానికి నా ఉద్యోగం బడిపంతులు. ఇరవై రెండేళ్ల కిందట ఒక సోమవారం నాడు ఎలిమెంటరీ స్కూల్లో చేరాను. ఆ రోజంతా పిల్లల పేర్లు అడిగి రాసుకున్నాను. మంగళవారం నాడు రేషను కార్డుల సర్వేకి రమ్మన్నారు. అది అయ్యేసరికి ఓటర్ల జాబితా, అది అయ్యేసరికి జనాభా లెక్కలు, ఆ తర్వాత గేదెల లెక్కలు, ఆ పైన మరుగుదొడ్ల ఫొటోలు. అలా డెప్యుటేషన్ మీద ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి తిరిగి తిరిగి, చివరికి పాఠాలు చెప్పేవాళ్లని పట్టుకునే మండలిలో తేలాను. ఈ పనికి నాకన్నా తగినవాడు దొరకడని మా సంయుక్త సంచాలకులు నిడుమోలు సత్యప్రకాశ్ గారు అనేవారు. పాఠం చెప్పిన అనుభవం లేని ఉపాధ్యాయుడు నిష్పక్షపాతంగా ఉంటాడట.

మొదటి ఏడాది మేం ప్రతి ఆదివారం కాలేజీల మీదికి వెళ్లాం. ఎక్కడికి వెళ్లినా పుట్టినరోజే. గుమ్మానికి రెండు బెలూన్లు కట్టి ఉండేవి. లోపల నూట ఎనభై మంది పిల్లలు ఒకే గదిలో కూచుని ఒకే కుర్రాడి పుట్టినరోజు సందర్భంగా కెమిస్ట్రీ నోట్సు రాసుకుంటూ ఉండేవారు. మాకు కూడా కేకు పెట్టేవారు. కేకు తిన్న నోటితో కేసు రాయడం మర్యాద కాదు కాబట్టి, జన్మదిన శుభాకాంక్షలు అని రిజిస్టరులో రాసి వచ్చేసేవాళ్లం. ఏడాది చివర రాజధానిలో సమీక్ష జరిగింది. ఒక్క కేసు కూడా పట్టనందుకు సత్యప్రకాశ్ గారిని అందరి ముందూ నిలబెట్టి మాట్లాడారట. ఆయన తిరిగి వచ్చిన తర్వాత రెండు రోజులు గది తలుపు వేసుకుని రూల్సు తిరగేశారు.

మూడో రోజు గుడివాడ నుంచి ఆ ఫిర్యాదు వచ్చింది.

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునేవాళ్లు మా మండలి దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. అలా నమోదైన ఇంటిని రూల్సులో ‘ఏకవిద్యార్థి విద్యాసంస్థ’ అంటారు. గుడివాడలో తోట వీరభద్రం అని మోటార్లకు వైండింగు చేసే అతను, అతని భార్య సుభాషిణి అలా ఒక సంస్థ నడుపుతున్నారు. అందులో విద్యార్థిని వాళ్ల పదేళ్ల కూతురు హంసిని. ఫిర్యాదు రాసినాయన వాళ్ల మేడ మీద వాటాలో ఉంటాడు. ఒక కాలేజీలో పీఆర్వో. అంటే పిల్లలున్న ఇళ్లు వెతికి అడ్మిషన్లు పట్టే ఉద్యోగం. ‘ఆదివారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషములకు సదరు తల్లియు కుమార్తెయు డాబాపై చీమల బారును చూచుచు, వాటిని గూర్చి ముచ్చటించుకొనుచుండగా కళ్లారా చూచితిని’ అని రాశాడు.

సత్యప్రకాశ్ గారు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివారు.

“పున్నారావు గారూ, విద్యాసంస్థ అన్న తర్వాత విద్యాసంస్థే. లక్షమంది ఉన్నా ఒక్కరున్నా చట్టం దృష్టిలో సమానం. పైగా వీళ్ల దగ్గర బెలూన్లు ఉండవు.”

“చీమల్ని చూడటం బోధన కిందికి వస్తుందాండీ?”

“రాదని నిరూపించాల్సిన బాధ్యత సదరు సంస్థది. శాస్త్రీయంగా పోదాం. శనివారం సాయంత్రం ఆ అమ్మాయికి పది ప్రశ్నల పరీక్ష పెట్టండి. ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా మీరు ప్రత్యక్షంగా పరిశీలించండి. సోమవారం ఉదయం అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇవ్వండి. మార్కులు పెరిగితే ఆదివారం బోధన జరిగినట్టు. అనుమతించదగిన వృద్ధి, సున్నా.”

“ఒకవేళ తగ్గితేనండీ?”

“తగ్గితే అభినందన పత్రం ఇద్దాం,” అన్నారాయన.

మార్కులు పెరిగితే ఏమవుతుందో కూడా ఆయనే చెప్పారు. ఇంటిబడి గుర్తింపు రద్దవుతుంది. ఇరవై నాలుగు గంటల్లో బాలికను సమీపంలోని వసతి పాఠశాలలో చేర్పించాలి. సమీపంలో ఉన్నది ఆ పీఆర్వో పనిచేసే సంస్థదే.

శనివారం సాయంత్రం గుడివాడ వెళ్లాను. హంసిని బక్కగా, రెండు జడలతో, మోకాలి మీద దెబ్బకి పసుపు రాసుకుని ఉంది. రైలు చప్పుడు దగ్గర్నుంచి ఉప్పు, అలలు, ఎండ్రకాయ కాళ్ల దాకా సత్యప్రకాశ్ గారు ఇచ్చిన పది ప్రశ్నలకీ అరుగు మీద కూచుని పరీక్ష రాసింది. పదికి మూడొచ్చాయి. తెలియనివాటికి ‘తెలీదు’ అని చక్కగా గుండ్రటి అక్షరాలతో రాసింది. తెలియని దాన్ని తెలియదని రాసిన జవాబు పత్రం నేను ఏ శాఖలోనూ చూడలేదు.

సుభాషిణి నాకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా నిలబడింది.

“ఈ గుర్తింపు గనక పోతే పిల్లని హాస్టల్లో వేయాలంటగదండీ?”

“రూలు అలా ఉందమ్మా.”

“అక్కణ్ణించే తీసుకొచ్చామండీ. బళ్లో వేసినప్పుడు రోజూ పొద్దున్నే కడుపునెప్పి అనేది. డాక్టర్ల చుట్టూ తిప్పితే ఏం లేదన్నారు. సరే హాస్టలైతే అలవాటు పడుద్దని వేశాం. నెప్పి అనడం మానేసింది. అసలు మాట్లాడ్డమే మానేసింది. అయిదు నెలలండీ. మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాక ఒకరోజు డాబా మీద బట్టలారేస్తుంటే ‘అమ్మా, ఈ చీమలన్నీ ఎక్కడికెళ్తున్నాయి’ అంది. అయిదు నెలలకి అదే మొదటి మాట. అందుకని మాకు చీమలు కనపడితే ఆగుతామండీ, ఆదివారమైనా ఇంకోటైనా.”

ఈ వివరాలు రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు. ఆ మాట ఆవిడకి చెప్పాను. చెప్పినందుకు నాకే సిగ్గనిపించింది, మజ్జిగ గబగబా తాగేశాను.

“రేపు బందరు బీచికి పోదామనుకున్నామండీ,” అన్నాడు వీరభద్రం, లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చి. “నెలరోజుల్నించీ అడుగుతోంది. మానుకోమంటే మానుకుంటాం.”

“మానడానికి వీల్లేదు. పరిశీలన కోసం దినచర్య మార్చకూడదని నాలుగో రూలు. నేనూ వస్తాను. మీరు మామూలుగా విహరించండి.”

అప్పుడు ఏడో రూలు చదివి వినిపించాను. దానిలోనే అసలు మెలిక ఉంది. పిల్ల అడిగినదానికి సరైన సమాధానం చెబితే అది బోధన. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే పిల్లలో ఉత్సుకత పెరుగుతుంది కాబట్టి అది పరోక్ష బోధన. తెలియదంటే, పోయి తెలుసుకోమని ప్రోత్సహించినట్టు కాబట్టి అదీ పరోక్ష బోధనే.

వీరభద్రం ఆ మూడు దారులూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. మోటార్ల పని చేసేవాడు, ఏ తీగ ఎక్కడికి పోతుందో చూడటం అలవాటు.

“అంటే తప్పుడు సమాధానం చెప్పాలండీ?”

“అది మాత్రమే అనుమతించబడింది,” అన్నాను.

ఆదివారం ఉదయం గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాం. వాళ్ల చేతిలో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, ఒక చాప. నా చేతిలో ఫారం. ఆ ఫారంలో రోజును పావుగంటల కింద కోసి, ఒక్కో పావుగంటకి ఒక్కో గడి ఇచ్చారు. ప్రతి గడిలో ‘బోధన: ఉన్నది, లేదు’ అని ఉంటుంది, ఒకటి కొట్టేయాలి.

గుడ్లవల్లేరు దాటేదాకా హంసిని కిటికీకి ముఖం ఆనించి వరి చేలు చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, రైలెందుకు టకటకమంటుంది?”

వీరభద్రం నా వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఇంజన్లో డ్రైవరుగారు చప్పట్లు కొడుతున్నారమ్మా.”

“ఇంతసేపా? చేతులు నెప్పెట్టవూ?”

“పక్కన అసిస్టెంటుంటాడు. ఇద్దరూ వంతులేసుకుంటారు.”

సరైన పద్ధతే. నేను ‘లేదు’ అన్నదాన్ని ఉంచి ‘ఉన్నది’ కొట్టేశాను. కానీ ఆ పిల్ల తలూపుతూ డ్రైవరుగారి చప్పట్లని బుర్రలో పెట్టుకోవడం నా కళ్ల ముందే జరుగుతోంది. నాకు అరికాళ్లలో ఏదో దురద మొదలైంది. కవుతరం వచ్చేదాకా ఓర్చుకున్నాను.

ప్రభుత్వంలో తప్పు రాసిన కాగితాన్ని అలా వదిలేయకూడదు. దానికి దోష సవరణ జారీ చేయాలి. అది బోధన కాదు, పరిపాలన. నేను మొదట్నించీ ఆ శాఖ ఈ శాఖ తిరిగినవాణ్ణి, ఈ తేడా నాకు బాగా తెలుసు.

“చూడమ్మా, మీ నాన్నగారి ప్రకటనలో చిన్న పొరపాటు దొర్లింది. దాన్ని ఇలా సవరించి చదువుకోవాలి. ఇనుము ఎండకి సాగుతుంది. అందుకని పట్టాకీ పట్టాకీ మధ్య కాస్త సందు వదులుతారు. చక్రం ఆ సందు మీంచి దూకినప్పుడల్లా చప్పుడొస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల సందులు లేకుండా అతికేస్తున్నారనుకో.”

హంసిని కాసేపు ఆ చప్పుడు విన్నది. “మరి చలికాలం సందు పెద్దదవుద్దా?”

నా ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నన్ను ఒక పిల్ల పాఠంలో ప్రశ్న అడగడం అదే మొదలు. మీ కార్డేదీ, మీ ఓటేదీ అని నేనే అందర్నీ అడుగుతూ వచ్చాను. “అవుతుంది,” అన్నాను. తర్వాత ఫారం తీసి, ఆ పావుగంటలో తల్లిదండ్రులు బోధించలేదు కాబట్టి ‘లేదు’ అని గుర్తు పెట్టాను.

బందరు స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుని మంగినపూడి వైపు బయల్దేరాం. దారిలో ఉప్పు మళ్లు వచ్చాయి. చిన్న చిన్న మడులు, వాటిలో బురద రంగు నీళ్లు, గట్ల మీద తెల్లటి కుప్పలు. హంసిని ఆటో ఆపించింది. ఒక ముసలమ్మ పొడుగు కర్రకి పలక కట్టి మడిలో ఉప్పుని గట్టుకి లాగుతోంది. ఇది ప్రమాదమని నాకు వెంటనే తట్టింది.

“అవ్వా, కాసేపు పని ఆపు. ఈ అమ్మాయి వెళ్లాక మళ్లీ లాక్కోవచ్చు.”

“ఎందుకాపాలి?”

“ఆదివారం పిల్లలకి ఏమీ నేర్పకూడదని ప్రభుత్వ ఉత్తర్వు.”

“నేనేం నేర్పుతున్నానయ్యా, నా పని నేను చేసుకుంటన్నా. చూసేవోళ్లు చూత్తన్నారు. నీకంత ఇబ్బందిగా ఉంటే ఆ పిల్ల కళ్లు నువ్వే మూసుకో.”

కళ్లు మూయడం గురించి రూల్సులో స్పష్టత లేదు. ఈలోగా పిల్ల అడగనే అడిగింది, ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందని. సుభాషిణి తడుముకోకుండా, “కోమట్ల కొట్లోంచి తెచ్చి ఇక్కడ ఆరబోస్తారమ్మా, చెమ్మెక్కకుండా,” అంది. ఆవిడ ముఖం చూస్తే ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో తెలుస్తోంది. ఒకప్పుడు ప్రైవేటు బడిలో సైన్సు చెప్పిన మనిషి.

ముసలమ్మ పని ఆపి తలెత్తింది. “ఎవత్తివే నువ్వు, పసిపిల్లకి అట్టా చెప్తన్నావ్,” అంది.

నేను రెండో దోష సవరణ జారీ చేశాను. సముద్రపు నీళ్లు కాలవలోంచి మడిలోకి రావడం, ఎండకి నీళ్లు ఎగిరిపోవడం, ఉప్పు మిగిలిపోవడం. ముసలమ్మ రెండుచోట్ల నన్ను సవరించింది. మొదటి మడిలో ఉప్పు పట్టదట, ఒక మడిలోంచి ఇంకో మడికి మారుస్తూ పోవాలట. అది నాకు తెలియదు. హంసిని చిటికెడు ఉప్పు నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది. నేనూ వేసుకున్నాను.

“మాస్టారు చెప్పింది అర్థమైందా?” అని వీరభద్రం కూతుర్ని అడిగి, అంతలోనే నాలిక్కరుచుకున్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను. మాస్టారు అన్న మాట మాత్రం నా చెవుల్లో అలాగే ఉండిపోయింది. బాగుంది.

సముద్రం దగ్గరికి వచ్చాక పరిస్థితి పూర్తిగా చేయి దాటింది. ఆ ప్రదేశంలో ఎక్కడ చూసినా ఏదో ఒకటి నేర్పుతూనే ఉంది. బడికైతే గోడలుంటాయి కాబట్టి తాళం వేయొచ్చు. ఇక్కడ ఎండ్రకాయలు అనుమతి లేకుండా కన్నాల్లోంచి బయటికి వస్తున్నాయి. తల్లిదండ్రులిద్దరూ పాపం నిజాయితీగా కృషి చేశారు. నీళ్లు ముందుకీ వెనక్కీ ఎందుకు పోతాయంటే పెద్ద చేపలు ఊపిరి పీల్చుకుంటున్నాయన్నాడు తండ్రి. అంత పెద్ద పడవ ఎందుకు మునగదంటే దానికి భయం కాబట్టి అంది తల్లి. వాళ్లు ఒక్కో అబద్ధం చెప్పడం, నేను ఒక్కో సవరణ జారీ చేయడం. మధ్యాహ్నం పులిహోర తినే వేళకి నేను ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉన్నాను.

ఆటుపోట్ల పాఠం నాకు వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. టీచర్ ట్రైనింగులో ఆ పాఠానికే నాకు మొదటి బహుమతి వచ్చింది. అది చెప్పే అవకాశం వస్తుందని చేరిన మొదటి సంవత్సరమంతా ఎదురు చూశాను. ఆ తర్వాత మర్చిపోయాననుకున్నాను. తడి ఇసుకలో భూమిని గీశాను, చంద్రుణ్ణి గీశాను, చంద్రుడు నీళ్లని ఎలా లాగుతాడో గీశాను. సుభాషిణి చాప మీంచి లేచి వచ్చి నిలబడి వింది. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆయన విసనకర్ర ఆపి విన్నాడు. అంతా అయ్యాక ఒక అల వచ్చి బొమ్మని చెరిపేసింది కాబట్టి, బోధన జరిగినట్టు ఎక్కడా రాతపూర్వక ఆధారం లేదు.

“మాస్టారూ, దీనికెన్ని కాళ్లు?” హంసిని ఒక ఎండ్రకాయని ఖాళీ డబ్బా మూతలో పట్టుకొచ్చింది.

“ఎనిమిది,” అన్నాను.

“మళ్లీ లెక్కపెట్టండి.”

ఇద్దరం గొంతుక్కూచుని లెక్కపెట్టాం. ముందున్న రెండు కరిచే డెక్కలూ కాళ్లేనని ఆ పిల్ల వాదించింది. వాటి మొదళ్లు చూపించింది. పది. నేను ఓడిపోయాను. ఓడిపోయినందుకు అంత సంతోషించిన సందర్భం నా జీవితంలో ఇంకోటి లేదు. సాయంత్రం దాకా దూరంగా వచ్చే పడవల్ని చూస్తూ కూచున్నాం. ముందు తెరచాప కొయ్య కనపడటం, తర్వాత పడవ కనపడటం, దాన్నిబట్టి భూమి ఎలా ఉంటుందో ఆ పిల్లే సగం చెప్పింది. మిగతా సగం నేను సవరించాను.

తిరుగు రైల్లో హంసిని వాళ్ల అమ్మ ఒడిలో నిద్రపోయింది. నేను ఫారం పూర్తి చేశాను. నలభై గడుల్లోనూ ‘లేదు’. కింద ‘సదరు దంపతులు దినమంతయు ఒక్క సరైన సమాధానమైనను చెప్పి ఉండలేదు. వారి సహకారము ప్రశంసనీయము’ అని రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సోమవారం పదింటికి మండలి కార్యాలయంలో పరీక్ష. సత్యప్రకాశ్ గారే స్వయంగా కూచున్నారు. వరండాలో సుభాషిణి కూతురి జడలు సరిచేస్తూ, “శనివారం ఏం రాశావో అదే రాసెయ్యి తల్లీ. ఇంకేం వద్దు,” అంది.

“అప్పుడు తెలీదు కదమ్మా. ఇప్పుడు తెలుసుగా,” అంది హంసిని.

“తెలిసినా సరే.”

“మరి తెలీదని ఎలా రాయను?”

సుభాషిణి రెండో జడ కొస ముడేసి లేచింది. అయిదు నెలల మౌనం తర్వాత వచ్చిన మాట అది, దాన్ని మింగమని ఏ తల్లి చెబుతుంది.

పిల్ల పది ప్రశ్నలకీ రాసింది. సత్యప్రకాశ్ గారు కీ పెట్టుకుని దిద్దారు. ఎండ్రకాయకి పది కాళ్లని రాసినందుకు ఆ మార్కు పోయింది, కీలో ఎనిమిదే ఉంది. మిగతా తొమ్మిదీ వచ్చాయి. శనివారం మూడు, సోమవారం తొమ్మిది. ఆయన తేడా తీసి, ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏడాదికి ఒక్క కేసు దొరికింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆరు మార్కుల అక్రమ వృద్ధి. ఒకే ఒక్క సెలవు దినంలో. నూట ఎనభై మందిని కూచోబెట్టి రుద్దే కాలేజీల్లో కూడా ఇంత వృద్ధి లేదు పున్నారావు గారూ. ఇది వ్యవస్థీకృత నేరం.”

అప్పటికప్పుడు రద్దు ఉత్తర్వు టైపు చేయించారు. మంగళవారం ఉదయం పదింటికల్లా బాలికను వసతి పాఠశాలకు అప్పగించవలెను. వీరభద్రం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. హంసిని ఏమీ అడగలేదు. చెయ్యి మాత్రం మెల్లిగా పొట్ట మీద పెట్టుకుంది. సుభాషిణి అది చూసి ముఖం పక్కకి తిప్పుకుంది.

“పధ్నాలుగో కాలమ్ ఒకటి మిగిలింది,” అన్నారు సత్యప్రకాశ్ గారు ఫారం నా వైపు తోసి. “బోధించిన వారి పేరు. తల్లి పేరు రాసి సంతకం పెట్టండి.”

“ఆవిడ ఏమీ బోధించలేదండీ. నలభై గడుల్లోనూ లేదని రాశాను.”

“అయితే తండ్రి పేరు రాయండి.”

“ఆయన పెద్ద చేపలు ఊపిరి పీలుస్తాయని చెప్పారండీ. నేను విన్నాను.”

“మరి ఎవరు చెప్పారు? కాలమ్ ఖాళీగా ఉంటే ఫైలు పైకి వెళ్లదు. ఎవరో ఒకరు చెప్పకుండా పిల్లలకి తెలియదు కదా.”

కలం నా చేతిలో ఉంది. తల్లి పేరు రాస్తే నాకు అభినందన వస్తుందని నాకు తెలుసు. ప్రమోషన్ల జాబితా కూడా ఆ నెలలోనే. గొప్ప ధైర్యవంతుణ్ణని చెప్పుకోను, కలం పట్టుకుని చాలాసేపే కూచున్నాను. ఆ పిల్ల చెయ్యి ఇంకా పొట్ట మీదే ఉంది. పధ్నాలుగో కాలమ్‌లో యలవర్తి పున్నారావు అని రాసి, హోదా అన్నచోట ఉపాధ్యాయుడు అని రాశాను.

సత్యప్రకాశ్ గారు చదివి, మళ్లీ చదివారు.

“మీరు పరిశీలకులు.”

“అది డెప్యుటేషన్ అండీ. అసలు పోస్టు ఇదే.”

“దీని పర్యవసానం మీకు అర్థమవుతోందా? బోధించినది తల్లిదండ్రులు కానప్పుడు ఏకవిద్యార్థి విద్యాసంస్థ మీద కేసు నిలవదు. మీరు మండలి ఉద్యోగి. అంటే ఆదివారం నాడు క్లాసు నడిపిన సంస్థ...” ఆయన అక్కడ ఆగిపోయారు.

రూల్సు అన్నీ ఆయన రాసినవే కాబట్టి తప్పించుకునే దారి పెట్టి ఉండలేదు. రద్దు ఉత్తర్వు చింపేశారు. ఇంటిబడి గుర్తింపు మూడేళ్లకి పొడిగించారు. మండలి మీద కేసు నమోదైంది. సత్యప్రకాశ్ గారు మండలి తరఫున తమకే నోటీసు ఇచ్చుకున్నారు. అందినట్టు సంతకం పెట్టారు. ఏడు రోజుల్లో జవాబు రానందుకు తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేస్తూ తమకే రిమైండరు పంపుకున్నారు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద సెలవుదిన బోధన చేస్తూ పట్టుబడిన సంస్థ మాదొక్కటే.

నెల తిరక్కుండా నాకు అభియోగ పత్రం వచ్చింది. దానితోపాటు సత్యప్రకాశ్ గారి నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను కూర్చోమన్నారు, కాఫీ తెప్పించారు.

“పున్నారావు గారూ, మీకు పెన్షనుంది, పిల్లలున్నారు. రెండు ముక్కలు రాసివ్వండి. నేనేమీ చెప్పలేదు, అమ్మాయి పొరపాటు పడింది అని. మీ మీదా పోతుంది, మండలి మీదా పోతుంది.”

“అప్పుడు పధ్నాలుగో కాలమ్ ఖాళీ అవుతుంది కదండీ?”

“అది మళ్లీ తల్లి పేరుతో నింపుతాం. అందరికీ మంచిది.”

అభియోగ పత్రం ఇంటికి తెచ్చుకుని చదివాను. ‘శ్రీ యలవర్తి పున్నారావు, ఉపాధ్యాయుడై ఉండి, తేదీ సదరు ఆదివారమున, ఒక బాలికకు అంతకు మున్ను తెలియని ఆరు విషయములు తెలియునట్లు చేసినారు. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకును విసుగు లేక సమాధానము చెప్పినారు. సదరు బోధన ఎంత ప్రభావవంతముగా సాగినదనగా, మరుసటి దినము బాలిక ఒక్క విషయమునైనను మరువలేదు.’ కింద ప్రభుత్వ ముద్ర ఉంది. పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి.

పదిహేను రోజులు నాకు అక్కర్లేకపోయింది. ‘పై అభియోగములన్నియు నిజము’ అని ఒక్క వాక్యం రాసి అదే రోజు ఇచ్చేశాను. ఆ కుటుంబం కోసమే అలా చేశానని మావాళ్లు అనుకుంటున్నారు, అది సగమే నిజం. ఇరవై రెండేళ్ల నా సర్వీసులో నేను పాఠం చెప్పానని ప్రభుత్వం ముద్ర వేసి రాసిన కాగితం అదొక్కటే. దాన్ని అబద్ధమని నా చేత్తో నేను రాయలేకపోయాను.